ఏ పొజిషన్‌కు ఏ లాక్రోస్ హెడ్? విజయనగరం తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట, లాక్రోస్, మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మొదట అటాక్‌లో ఆడించారు, ఇప్పుడు డిఫెన్స్‌కు మార్చారు. డిసెంబర్‌లో న్యూజెర్సీ నుంచి మీ మావయ్య వస్తున్నారు, ఒకే ఒక్క హెడ్, అంటే కర్ర చివర వల కట్టే చట్రం, తెప్పించుకోగలవు. అటాక్ హెడ్ చెప్పాలా, డిఫెన్స్ హెడ్ చెప్పాలా అని అడిగావు.

నేను మేరీల్యాండ్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడి క్లబ్బుల్లో ఎక్కువ కాలం మిడ్‌ఫీల్డ్, చివరి మూడేళ్లు డిఫెన్స్ ఆడాను. శ్రీకాకుళం తిరిగొచ్చాక ఆదివారాలు పొద్దున్న పిల్లలకు నేర్పిస్తున్నాను. హెడ్ల మీద నేను చాలా డబ్బు పోసుకున్నాను. నీకు ఒక్క అవకాశమే ఉంది కాబట్టి ఆ డబ్బు సరైన చోట పడాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. అటాక్ హెడ్ వద్దు, డిఫెన్స్ హెడ్ కూడా వద్దు. అన్ని పనులకూ పనికొచ్చే మధ్యరకం హెడ్ తెప్పించుకో. అందులోనూ కాస్త గట్టిగా ఉండేది. మిగిలే డబ్బుతో హెడ్‌కు వల కట్టుకునే మంచి మెష్ కిట్లు రెండు తెప్పించుకో. ఎందుకంటావా, అది చెప్పాలంటే నువ్వు ఆడుతున్నది ఏ లాక్రోస్ అనే దగ్గర మొదలుపెట్టాలి.

ఇంటర్నెట్‌లో నువ్వు చూసే సలహాలన్నీ దాదాపుగా పదిమంది ఆడే ఫీల్డ్ లాక్రోస్ గురించి. ముగ్గురు అటాక్, ముగ్గురు మిడ్‌ఫీల్డ్, ముగ్గురు డిఫెన్స్, ఒక గోలీ, అంటే గోల్‌కీపర్. అక్కడ డిఫెన్స్‌వాళ్లు పొడుగు కర్రలు పట్టుకుంటారు, 52 నుంచి 72 అంగుళాల దాకా. అటాక్, మిడ్‌ఫీల్డ్ వాళ్లవి పొట్టి కర్రలు, 40 నుంచి 42 అంగుళాలు. గోలీని పక్కన పెడితే ఒక జట్టులో ఒకేసారి నాలుగు పొడుగు కర్రలకు మించి మైదానంలో ఉండకూడదు. అంటే అక్కడ పొజిషన్ మారితే చేతిలో ఉన్న పనిముట్టే మారిపోతుంది. అందుకే హెడ్ కూడా పొజిషన్‌ను బట్టి ఎంచుకుంటారు.

నువ్వు ఆడుతున్నది సిక్సెస్. 2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలో, టీ20 క్రికెట్‌తో పాటు లాక్రోస్‌ను కూడా 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చారు కదా, అక్కడ ఆడబోయేది ఈ సిక్సెస్ పద్ధతే. గోలీతో కలిపి ఆరుగురు. 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు మైదానం. ఎనిమిదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. బంతి చేతికొచ్చిన 30 సెకన్లలో గోల్ మీదికి కొట్టాలి. ఇందులో గోలీ తప్ప అందరివీ పొట్టి కర్రలే. అందరూ రెండు వైపులా పరిగెత్తాల్సిందే. మీ కోచ్ నిన్ను డిఫెన్స్ అన్నా, నీ గోలీ బంతి ఆపి నీకు విసిరిన మరుక్షణం నువ్వే అటాక్. కాబట్టి నువ్వు డిఫెన్స్‌కు మారానని అనుకుంటున్నావు గానీ, హెడ్ లెక్కలో నువ్వు మిడ్‌ఫీల్డర్‌వే.

ఇప్పుడు హెడ్ సంగతి.

హెడ్ అంటే షాఫ్ట్, అదే చేత్తో పట్టుకునే కర్ర, దాని చివర స్క్రూతో బిగించే ప్లాస్టిక్ చట్రం. పైన బంతిని నేల మీంచి ఎత్తే వంపు స్కూప్. రెండు పక్కల గోడలు సైడ్‌వాల్స్. షాఫ్ట్‌లోకి దిగే మెడ భాగం థ్రోట్. సైడ్‌వాల్స్‌కు వరసగా రంధ్రాలుంటాయి, వల కట్టేది వాటికే. షాపు వాళ్లు బోలెడు పేర్లు చెప్తారు గానీ, చూడాల్సినవి నాలుగే. మధ్యలో ఎంత ఇరుకు, ఎంత గట్టి, ఎంత బరువు, పక్క నుంచి చూస్తే కింది అంచు ఎక్కడ బాగా కిందికి వంగింది.

ఆ చివరిది చాలామంది పట్టించుకోరు. హెడ్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని చూడు. సైడ్‌వాల్ కింది అంచు తిన్నగా ఉండదు, ఒకచోట కిందికి దిగి మళ్లీ లేస్తుంది. బంతి కూర్చునే గుంట, అంటే పాకెట్, సహజంగా ఆ దిగినచోటే కుదురుతుంది. అది స్కూప్‌కు దగ్గరగా ఉంటే హై పాకెట్, థ్రోట్‌కు దగ్గరగా ఉంటే లో పాకెట్, మధ్యలో ఉంటే మిడ్. హై పాకెట్‌లో బంతి త్వరగా వదులుతుంది, పాస్ వేగంగా పోతుంది. లో పాకెట్‌లో బంతి ఎక్కువ సేపు అంటిపెట్టుకుని ఉంటుంది, పట్టుకుని పరిగెత్తేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. నేను మాత్రం కొత్తవాళ్లందరికీ మిడ్ చెప్తాను. మిడ్‌లో తప్పు చేసినా బంతి నిన్ను మరీ శిక్షించదు.

ఇరుకు విషయంలో ఒక మాట. అమెరికా ఫీల్డ్ లాక్రోస్ నియమాల్లో మామూలు ఆటగాడి హెడ్ లోపలి వెడల్పు 6 నుంచి 10 అంగుళాల మధ్య ఉండాలి, గోలీది 10 నుంచి 12. కానీ మగవాళ్ల హెడ్లన్నీ ఆ 6 అంగుళాల హద్దుకు దగ్గర్లోనే ఉంటాయి. ఎవరూ 10 అంగుళాలది వాడరు. అందుకని స్కూప్ దగ్గరి వెడల్పులో ఒకదానికీ మరోదానికీ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా నడుము దగ్గర. అటాక్ హెడ్లు నడుము దగ్గర బాగా నొక్కినట్టు ఉంటాయి, బంతికి అటూ ఇటూ ఖాళీ ఉండదు. డిఫెన్స్ హెడ్లు కాస్త విశాలంగా, ఎదుటివాడి పాస్‌ను దారిలోనే అందుకోవడానికి వీలుగా ఉంటాయి.

ఇక ఒక్కో పొజిషన్‌వాళ్లకు ఏం కావాలో చెప్తాను, నీకు ఆ లెక్క తెలిసి ఉండటం మంచిది.

అటాక్‌వాడి పని గోల్ చుట్టూ తిరగడం, ఒంటి చేత్తో బంతిని కాపాడుకుంటూ తప్పించుకోవడం, సందు దొరికితే కొట్టడం. అతని కర్ర మీద రోజంతా దెబ్బలు పడుతూనే ఉంటాయి. ఆ దెబ్బకు బంతి ఎగిరి పడకుండా ఇరుకు నడుము కాపాడుతుంది. తేలిగ్గా ఉంటే చెయ్యి త్వరగా తిరుగుతుంది. కొద్దిగా వంగే గుణం ఉన్నా నష్టం లేదు, కొంతమందికి అదే ఇష్టం.

డిఫెన్స్‌వాడు పొడుగు కర్రతో ఎదుటివాడి చేతుల మీద, కర్ర మీద కొడతాడు. మెత్తటి హెడ్ అయితే కొట్టిన బలంలో సగం దాని వంపులోనే పోతుంది. కాబట్టి అతనికి గట్టిదనం ప్రాణం. అంత పొడుగు కర్ర చివర ప్రతి గ్రామూ బరువుగా తెలుస్తుంది కాబట్టి తేలిక కూడా కావాలి. గట్టిగానూ ఉండాలి, తేలిగ్గానూ ఉండాలి. మంచి డిఫెన్స్ హెడ్లు ఖరీదుగా ఉండేది అందుకే. ఎస్‌టీఎక్స్ కంపెనీ వాళ్ల హ్యామర్ ఆ కోవలోది.

ఫేస్ఆఫ్ ఆడేవాడిది పూర్తిగా వేరే లోకం. బంతిని మధ్యలో పెట్టి ఇద్దరూ వంగుని, విజిల్ పడగానే హెడ్‌ను బంతి మీద నొక్కి లాగేసుకోవాలి. అందుకే వాళ్ల హెడ్లు నొక్కితే వంగి, వదిలితే మళ్లీ యథాస్థితికి వచ్చేలా చేస్తారు. ఎస్‌టీఎక్స్ డ్యుయల్, స్ట్రింగ్‌కింగ్ మార్క్ 2ఎఫ్ అలాంటివి. ఇవి త్వరగా పాడవుతాయి, ఒక్క సీజన్‌లో రెండు మూడు మార్చేవాళ్లను చూశాను. సిక్సెస్‌లో గోల్ పడిన ప్రతిసారీ ఫేస్ఆఫ్ ఉండదు, గోలీయే బంతి తీసి ఆట మొదలుపెడతాడు. క్వార్టర్ మొదట్లో మాత్రమే ఫేస్ఆఫ్. ఆ నాలుగుసార్ల కోసం ఎవరూ ఫేస్ఆఫ్ హెడ్ కొనక్కర్లేదు. వెబ్‌సైట్‌లో అది తక్కువ ధరకు కనిపించినా సరే కొనొద్దు.

గోలీ గురించి చెప్పేది తక్కువే. 12 అంగుళాల పెద్ద హెడ్, ఎస్‌టీఎక్స్ ఎక్లిప్స్ అందరికీ తెలిసినది. నీకు అక్కర్లేదు.

మిగిలింది మిడ్‌ఫీల్డ్, నీకు కావాల్సింది. మిడ్‌ఫీల్డర్ రోజులో ఎక్కువసార్లు చేసే పని గోల్ కొట్టడం కాదు, నేల మీద దొర్లుతున్న బంతిని ఎత్తడం. ఇద్దరు ముగ్గురు కర్రలతో మీద పడుతుండగా పరిగెత్తుకుంటూనే ఎత్తాలి. ఇక్కడ స్కూప్ ఆకారం, గట్టిదనం రెండూ పని చేస్తాయి. స్కూప్ మరీ గుండ్రంగా ఉంటే దాని మధ్య భాగం ఒక్కటే నేలకు తగులుతుంది. కాస్త బల్లపరుపుగా ఉంటే నేలకు ఎక్కువ మేర ఆనుతుంది, బంతి సులువుగా ఎక్కుతుంది. మన గ్రౌండ్లు నీకు తెలుసు కదా. మేరీల్యాండ్‌లో టర్ఫ్ మీద బంతి చెప్పినట్టు వింటుంది. ఇక్కడ ఎర్రమట్టి, గులకరాళ్లు, ఆవులు మేసిన గడ్డి దుబ్బులు. బంతి ఎటు ఎగురుతుందో తెలీదు. హెడ్ వంగితే స్కూప్ బంతి కిందికి దూరకుండా దాని మీదికెక్కి జారిపోతుంది. ఒక్కసారి మా పిల్లాడొకడు వరసగా నాలుగు గ్రౌండ్ బాల్స్ వదిలేశాడు. వాడి చేతిలో తప్పుందనుకుని వంగడం, మోకాళ్లు, చేతి ఎత్తు అన్నీ సరిచేశాను. మారలేదు. నా కర్ర ఇచ్చి చూస్తే నాలుగూ ఎత్తాడు. వాడి హెడ్ అంత మెత్తబడిపోయి ఉంది.

ఎందుకు మెత్తబడిందో చెప్తాను. ఇది మన జిల్లాలవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి, అమెరికా వెబ్‌సైట్లలో దీని గురించి పెద్దగా ఉండదు.

హెడ్లు ఎక్కువగా నైలాన్ జాతి ప్లాస్టిక్‌తో చేస్తారు. నైలాన్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ ఎక్కేకొద్దీ మెత్తబడుతుంది, బాగా వంగుతుంది. ఎండిన చలిగాలిలో దీనికి వ్యతిరేకం, గట్టిపడి పెళుసెక్కుతుంది. అక్కడ జనవరి చలిలో హెడ్లు విరగడం చూశాను. ఇక్కడ మనది సముద్రం పక్క గాలి. జూన్ నుంచి నవంబర్ దాకా బట్టలే ఆరవు. అమెరికాలో చేతిలోకి తీసుకుని సరిపోయింది అనుకున్న హెడ్ శ్రీకాకుళం వచ్చాక ఒక మెట్టు మెత్తగా అనిపిస్తుంది. వేసవిలో వేడి కూడా తోడైతే రెండు మెట్లు.

నేను తిరిగొచ్చిన మొదటి వేసవిలో ఇలాగే ఒక మంచి అటాక్ హెడ్ పోగొట్టుకున్నాను. తేలికైనది, కొద్దిగా వంగేది, నాకెంతో ఇష్టమైనది. మే నెలలో ప్రాక్టీసు అయ్యాక బ్యాగు కారు డిక్కీలో వదిలేసి ఒక పెళ్లికి వెళ్లాను. మూడు రోజుల తర్వాత తీస్తే సైడ్‌వాల్స్ రెండూ లోపలికి వాలిపోయాయి. వల బిగువుగా కట్టి ఉంది కదా, వేడికి మెత్తబడ్డ ప్లాస్టిక్‌ను అది లోపలికి లాగేసింది. స్కేలు పెట్టి కొలిస్తే పై వెడల్పు 6 అంగుళాల లోపు. అంటే మ్యాచ్‌లో రిఫరీ కొలిస్తే ఆ కర్ర చెల్లదు. వేడినీళ్లలో ముంచి, మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టి, చల్లనీళ్లలో పెట్టి సరిచేయాలని చూశాను. రెండు వారాలు బాగానే ఉండి మళ్లీ వాలిపోయింది.

అందుకే గట్టిదనం వైపు మొగ్గే హెడ్ తెప్పించుకోమంటున్నాను. మన వాతావరణం ఎలాగూ దాన్ని కొంత మెత్తబరుస్తుంది. అక్కడ కాస్త ఎక్కువ గట్టిగా ఉందనిపించేది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. వచ్చాక ఎండలో, బండి డిక్కీలో వదలకు. ఇంట్లో గాలి తగిలేచోట మేకుకు వేలాడదియ్యి, స్కూప్‌ను నేలకు ఆనించి నిలబెట్టొద్దు.

పేర్లు అడిగావు కాబట్టి చెప్తాను. స్ట్రింగ్‌కింగ్ వాళ్ల మార్క్ 2 వరసలో అక్షరాలే చెప్తాయి: ఎ అంటే అటాక్, డి అంటే డిఫెన్స్, ఎఫ్ ఫేస్ఆఫ్, వి అంటే అన్నిటికీ పనికొచ్చేది. నీకు వి సరిపోతుంది. మావెరిక్ ఆప్టిక్ కూడా మిడ్‌ఫీల్డ్‌వాళ్లు బాగా వాడే హెడ్. వారియర్ ఈవో చాలా పేరున్నదే గానీ అది అటాక్‌వాళ్లకు నప్పేది, నీకు మొదటి హెడ్‌గా చెప్పను. మోడళ్లు ఏటా మారుతుంటాయి, పాత మోడల్ తగ్గింపు ధరకు దొరికితే సంతోషంగా తీసుకో. కొత్త మోడల్‌లో ఎక్కువసార్లు మారేది రంగు, రంధ్రాల వరస.

ఒక జాగ్రత్త మీ మావయ్యకు తప్పకుండా చెప్పు. ఆడవాళ్ల హెడ్ వేరు, మగవాళ్ల హెడ్ వేరు. ఆడవాళ్ల ఆటలో పాకెట్ లోతు తక్కువ, కర్ర కూడా సన్నం. వాళ్ల షాఫ్టులు ఎక్కువగా అంగుళానికి ఎనిమిదింట ఏడు వంతుల మందం, మగవాళ్లవి అంగుళం. తెలియకుండా ఒకటి తెస్తే ఇంకోదాంట్లోకి దూరదు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో అన్నయ్య హెడ్ తెచ్చాడు, రంగు బాగుందని తీసుకున్నాడట. చెల్లెలికి పనికొచ్చింది, తమ్ముడికి రాలేదు. షాఫ్ట్ కూడా తెస్తుంటే చెక్‌ఇన్ లగేజీలో పెట్టమను. లాక్రోస్ కర్రను అమెరికా విమానాశ్రయాల్లో క్యాబిన్‌లోకి రానివ్వరు. పొట్టి షాఫ్ట్ 30 అంగుళాలు ఉంటుంది, పెద్ద సూట్‌కేసులో ఐమూలగా పెడితే పడుతుంది. హెడ్‌లో బట్టలు కుక్కి పెట్టమను, నలగకుండా ఉంటుంది.

పాత హెడ్ ఎవరైనా ఇస్తామంటే కాదనకు, కానీ చూసి తీసుకో. ముందు స్క్రూ రంధ్రం చుట్టూ గోరుతో రాసి చూడు, సన్నటి చీలిక గోరుకు తగులుతుంది. తర్వాత స్కూప్, సైడ్‌వాల్ కలిసేచోట తెల్లటి గీతలున్నాయేమో చూడు. ప్లాస్టిక్ తెల్లబడిందంటే అక్కడ అలిసిపోయిందని అర్థం. ఆపైన హెడ్‌ను ఇంట్లో టైల్స్ మీద బోర్లా పెట్టి స్కూప్ ఒక మూల నొక్కు. ఊగితే మెలిక పడిందన్నమాట. చివరగా థ్రోట్ పట్టుకుని, స్కూప్ నేలకు ఆనించి, ఒంటి బరువు కొంచెం కొంచెంగా వెయ్యి. కొద్దిగా వంగి ఆగాలి. వంగుతూనే పోతే వద్దు.

ఇప్పుడు వల సంగతి. పైన చెప్పినదంతా కలిపి ఎంత ముఖ్యమో, ఈ వల ఒక్కటీ అంత ముఖ్యం. వంద డాలర్ల హెడ్‌కు పాడు వల కడితే బంతి నీ మాట వినదు. చవక హెడ్‌కు మంచి వల కడితే నెలలో ఆట మారిపోతుంది. అందుకే రెండు మెష్ కిట్లు అన్నాను.

ఈ ఆట ఇక్కడ ఎవరికీ తెలీదు కాబట్టి కర్ర పట్టుకుని వెళ్తుంటే చేపలకా అని అడుగుతారు. ఆ మాట నాకు మేలే చేసింది. కళింగపట్నం బీచ్‌లో ఒక సాయంత్రం కూర్చుని హెడ్‌కు వల కడుతున్నాను. పక్కన ఒక పెద్దాయన చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. కాసేపు నన్నే చూసి, ‘ఏటి బాబూ, ఇంత సిన్న వల?’ అన్నాడు. చెప్పాను. చేతిలోకి తీసుకుని, బొటనవేలితో మధ్యలో నొక్కి, రెండు పక్కల దారం మీటి చూశాడు. ‘ఇటేపు బిగేసినావు, అటేపు వదిలేసినావు. కన్ను సమంగా నేదు. బంతి ఇటేపుకే పోతాది కదా’ అన్నాడు. నిజంగానే అప్పటికి నెల రోజులుగా నా పాసులన్నీ ఎడమకు పోతున్నాయి. నేను భుజాన్ని తప్పుపడుతున్నాను. ఆయన నా ముడులు విప్పి, రెండు వైపులా ఒకే ఎత్తులో, ఒక కన్ను వదలకుండా లెక్కపెట్టి మళ్లీ కట్టాడు. ప్రతి ముడి దగ్గరా దారాన్ని తడిచేసి లాగేవాడు. ‘తడిపి లాగితే మళ్లీ జారదు’ అన్నాడు. ఆ హెడ్‌తో రెండేళ్లు ఆడాను. సైడ్‌వాల్ దారం అయిపోతే ఇప్పటికీ వలల నైలాన్ దారమే వాడుతున్నాను, బాగా పనిచేస్తోంది. కోసిన చివర లైటర్‌తో కాస్త కాల్చి నొక్కితే పోగులు విడిపోవు.

మెష్ మెత్తటిది, మధ్యరకం, గట్టిది అని ఉంటాయి. మెత్తటి మెష్‌లో పట్టడం సులువు, కానీ త్వరగా సాగి సంచిలా వేలాడుతుంది. గట్టిదాంట్లో పాకెట్ ఆకారం నిలుస్తుంది, కానీ కొత్తలో బంతి ఎగిరిపోతుంది. నీకు మధ్యరకం, మైనం పట్టించినది. మైనం ఉన్న మెష్ వానకు తడిసినా పెద్దగా మారదు. మనకు వానలో ఆడే రోజులే ఎక్కువ కదా. పాత పద్ధతిలో తోలు పట్టీలతో కట్టే పాకెట్లు చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి, నాకు ఇష్టం కూడా. కానీ తోలు తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. ఈ తీరంలో దాంతో రోజూ కుస్తీ పట్టాల్సిందే.

లోతు ఇలా చూసుకో. బంతిని పాకెట్‌లో పెట్టి హెడ్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టు. బంతి పైభాగం సైడ్‌వాల్ కింది అంచుకన్నా కిందికి దిగిపోయి, మధ్యలో వెలుతురు కనిపిస్తే లోతు ఎక్కువైంది, కర్ర చెల్లదు. ఆ హద్దుకు కాస్త పైనే ఉంచుకో. కొత్త మెష్ ఆడేకొద్దీ సాగుతుంది.

విసిరిన బంతి ఎప్పుడూ నేలకు గుద్దుకుంటుంటే దాన్ని విప్ ఎక్కువైంది అంటారు. అంటే బంతి హెడ్‌లో ఎక్కువసేపు చిక్కుకుని ఆలస్యంగా వదులుతోంది. స్కూప్ దగ్గర అడ్డంగా ఉండే షూటింగ్ స్ట్రింగ్స్ కొంచెం వదులు చెయ్యి. అప్పటికీ తగ్గకపోతే పాకెట్ లోతు తగ్గించు. ఒకేసారి రెండూ మార్చొద్దు, దేనివల్ల బాగుపడిందో తెలీదు. ఒకటి మార్చు, ఇరవై బంతులు గోడకు వెయ్యి, అప్పుడు ఇంకోటి.

గోడ అన్నాను కాబట్టి ఇది కూడా. కొత్త పాకెట్ కుదురుకునేది గోడ దగ్గరే. కుడి చేత్తో వంద, ఎడమ చేత్తో వంద, రోజూ. పూర్వం ఈ ఆటను సృష్టించిన ఉత్తర అమెరికా ఆదివాసులు, హోడెనోషోనీ జాతులవాళ్లు, హికరీ చెట్టు కర్రను ఆవిరి పట్టి వంచి కర్రలు చేసేవాళ్లు. వాటికి గోడ ఒక వైపే ఉండేది. 1970లో ఎస్‌టీఎక్స్ ప్లాస్టిక్ హెడ్ తెచ్చాక రెండు గోడలూ సమానమయ్యాయి, కర్ర రెండు చేతులకూ ఒకేలా పనిచేయడం మొదలైంది. ఆ సౌకర్యం నీ చేతిలో ఉంది. ముఖ్యంగా సిక్సెస్‌లో ఎడమ చెయ్యి రానివాణ్ణి ఎదుటివాళ్లు రెండు నిమిషాల్లో కనిపెట్టేసి, వాణ్ణి ఎప్పుడూ ఎడమకే తోస్తారు. బంతి అచ్చంగా రబ్బరు, దాదాపు 145 గ్రాములు, క్రికెట్ బంతికన్నా కొంచెం తేలిక. కానీ గోడకు తగిలి వచ్చే వేగం క్రికెట్ బంతికి లేదు. హెల్మెట్ లేకుండా దగ్గర నిలబడకు. గోడ అవతల ఎవరైనా పడుకునే గది ఉంటే ముందే అడుగు. మా వీధిలో నేను అడగలేదు, ఒక ముసలమ్మ నెల రోజులు మధ్యాహ్నం నిద్రపోలేకపోయారు. ఆ సంగతి తెలిసినప్పుడు చాలా బాధపడ్డాను.

డబ్బు లెక్క. మంచి హెడ్ సాధారణంగా 60 నుంచి 120 డాలర్ల మధ్య దొరుకుతుంది. నీ బడ్జెట్ మొత్తం ఒక్క హెడ్‌కే పోసెయ్యకు. 70, 80 డాలర్లలో మధ్యరకం హెడ్, వల కట్టనిది. రెండు మెష్ కిట్లు, నాలుగు స్క్రూలు. ఆ స్క్రూ ఒక్కటి పోతే మన జిల్లాల్లో ఏ స్పోర్ట్స్ షాపులోనూ నాకు దొరకలేదు. వల కట్టి అమ్మేవి కూడా ఉంటాయి, కానీ ఫ్యాక్టరీలో హడావుడిగా కట్టినవి నాకెప్పుడూ నచ్చలేదు. పైగా నువ్వే కట్టడం నేర్చుకుంటే, రేపు మ్యాచ్ మధ్యలో దారం తెగితే ఎవరి కోసమూ చూడక్కర్లేదు. ఇంకా డబ్బు మిగిలితే రెండో హెడ్ కోసం దాచొద్దు, మంచి గ్లవ్స్ తెప్పించుకో. డిఫెన్స్‌లో నిలబడితే వేళ్ల మీద పడే దెబ్బలు నువ్వు ఇప్పటికే రుచి చూసి ఉంటావు.

ఒకవేళ ఏడాది తర్వాత పదిమంది ఆటలో నిన్ను పొడుగు కర్రతో ఆడించే అవకాశం వస్తే, అప్పుడు డిఫెన్స్ హెడ్ సంగతి మాట్లాడుకుందాం. ఈ మధ్యరకం హెడ్ అప్పటికీ పనికొస్తుంది, పొడుగు షాఫ్ట్‌కు బిగించుకుని మొదటి సీజన్ ఆడేయొచ్చు. అదే అటాక్ హెడ్ అయితే ఆ వీలుండదు.

మావయ్య తెచ్చాక హెడ్, కిట్ పట్టుకుని ఒక ఆదివారం శ్రీకాకుళం వచ్చెయ్యి. విజయనగరంలో పొద్దున్న రైలెక్కితే ఆమదాలవలసలో దిగొచ్చు, అక్కడి నుంచి నేను బండి మీద తీసుకొస్తాను. మొదటి వల ఇద్దరం కూర్చుని కడదాం, రెండోది నా ముందే నువ్వు ఒక్కడివే కట్టాలి. నీ దగ్గర ఇప్పుడున్న పాత హెడ్ కూడా తీసుకురా, దాని దారాలు కోసెయ్యకుండా అలాగే ఉంచు. బంతి ఎటు లాగుతోందో ఆ ముడులు చూస్తే తెలుస్తుంది.